ఓడ కొయ్య

చూరు కింద గుచ్చిన పుల్ల నుంచి దారం దిగింది. దాని చివర సీసపు గుండు కాసేపు అటూ ఇటూ ఊగి నిలిచిపోయింది. నడుమెత్తులో గోడ ముందుకు తోసుకొచ్చి దారాన్ని ఆనుకుంది. కింద, గడ్డి దగ్గర, గుండుకూ గోడ పాదానికీ మధ్య ఒక కోడి దూరేంత ఖాళీ ఉంది. నిజంగానే ఒక కోడి దూరి అవతలికి పోయింది.

లిస్టర్ నవ్వలేదు. పట్నం నుంచి వచ్చిన కుర్ర సర్వేయరు అతను. మోకాళ్ళ మీద కూర్చుని టేపు పెట్టి కొలిచి, పుస్తకంలో రాసుకుని, మళ్ళీ కొలిచాడు. కొలత మారుతుందేమోనని హెస్టర్ ఐవ్సన్‌కి చిన్న ఆశ పుట్టింది. ఆమె చంకలో గొర్రెపిల్ల పాలసీసా ఉంది. పాలు చల్లారిపోతున్నాయని తెలుసు. అయినా కదల్లేదు.

"జానెడు," అన్నాడతను లేస్తూ. "జానెడు దాటింది."

"అది ఎప్పట్నుంచో ఉన్నదే బాబూ. ఎస్టేటు వాళ్ళు రాళ్ళ సందుల్లో సిమెంటు పూయించారు చూడండి, ఆ తర్వాత రెండు చలికాలాలకి మొదలైంది."

"పెరుగుతోందా?"

అబద్ధం చెప్పాలనిపించింది హెస్టర్‌కి. "కాస్త," అంది.

అతను తలెత్తి కప్పు చూశాడు. చూరు దగ్గర తలుపులంత రాతి పలకలు. పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ కొప్పు దగ్గర పుస్తకాలంత. "ఈ కప్పు బరువెంతో తెలుసామ్మా? ముప్పై ఆవుల్ని ఎక్కించి నిలబెట్టినట్టు. అదంతా ఈ గోడ నెత్తినే ఉంది. గోడ పోయిందంటే..." మాట పూర్తి చెయ్యకుండా అరచేతిని కిందికి దించాడు.

ఇల్లూ పొలమూ కౌలుకిచ్చిన ఎస్టేటు మేనేజరు గార్సైడ్ వెనక వైపుకి రాలేదు. అక్కడ బురద. ఇంటి ముందు, 1687 అని చెక్కిన వాకిలి రాయి కింద నిలబడి, సర్వేయరు చెవిలో చెప్పింది విని తలాడించాడు. ఆ తలాడింపు చూస్తే, ఈ మాట కోసమే అంతదూరం కారు వేసుకొచ్చాడనిపించింది హెస్టర్‌కి.

"మే పదమూడు లోపల ఖాళీ చెయ్యాలి మిసెస్ ఐవ్సన్. మీ మంచికే చెబుతున్నా. ఏ పొద్దో నిద్రలో మీద పడితే నేను జన్మంతా ఏడవాలి."

"బాగుచేయిస్తే..."

"బాగుచేసేంత ఇల్లు కాదిది. పొలం పక్కవాళ్ళు చూసుకుంటారు." గొంతు కొంచెం మెత్తబరిచాడు. "మీ ఆడబిడ్డకి పట్నంలో ముసలివాళ్ళ ఇంట్లో మంచం చూస్తాం. మీకు కొండ అవతల మేనకోడలుందిగా. శుక్రవారం కాగితాలు తెస్తాను. సంతకం పెడితే సరిపోతుంది."

"ఇద్దరికీ ఒకేచోట దొరకదాండీ?"

"ఒకేచోటంటే కష్టం."

హెస్టర్ పాలసీసాను రెండో చంకలోకి మార్చుకుంది. పట్నం ఒక దిక్కు, కొండ అవతల ఒక దిక్కు. మధ్య వారానికొక బస్సు, అదీ మంచు పడితే లేదు. ఆమె మనసు ఎప్పుడూ అంతే, ఎవరైనా ఒక గుమ్మం దాటుతున్నారంటే ముందు బస్సులు లెక్కపెడుతుంది.

ఆమె కొట్టంలో గొర్రెపిల్లకు పాలు పట్టి వంటింట్లోకి వచ్చేసరికి లిస్టర్ మేడ మెట్లు దిగుతున్నాడు. పొయ్యి పక్కన ఆడబిడ్డ డైనా మేజోడు అల్లుతోంది. డెబ్బయ్యారేళ్ళు ఆమెకి. రెండు కళ్ళలోనూ పొర. అల్లికకు కళ్ళు అక్కర్లేదు, నడుముకు దోపుకున్న కొయ్య ఒరలో ఒక సూది నిలబడితే మిగతాది వేళ్ళే చూసుకుంటాయి.

"పైన ఆ వంకర దూలం చూశావా అబ్బాయ్?" అంటోంది డైనా. "ఓడ కొయ్య అది. మా ముత్తాత తీరంలో మునిగిన ఓడది కొని, ఎనిమిది ఎడ్లు కట్టి తెచ్చాడు. ఈ లోయలో మాకొక్కళ్ళకే ఉంది."

"అలంకారానికి పెట్టారన్నమాట," అన్నాడు లిస్టర్.

"మరి? చూడ్డానికే."

అతను పుస్తకం తీసి అది కూడా రాసుకున్నాడు.

*

కారు చప్పుడు వంతెన దాటేదాకా డైనా అల్లుతూనే ఉంది.

"ఏమంటాడు కుర్రాడు?" అంది డైనా.

"గోడ పొట్ట పెట్టిందంట."

"నాకూ పెట్టింది. నన్నూ కూల్చేస్తారా?"

"మే పదమూడుకి ఖాళీ చెయ్యాలంట వదినా. నిన్ను పట్నం పంపిస్తారంట. నన్ను మార్తా ఇంటికి."

సూదులు ఆగాయి. పొయ్యిలో మండుతున్న పీటు మట్టిపెళ్ళ విరిగి కూర్చుంది.

"మేజోడు మడమ తిప్పుతున్నా," అంది డైనా. "మాట్లాడించకు. లెక్క పోతుంది."

హెస్టర్ రొట్టెపిండి పిసకడానికి కూర్చుంది. పిసికిందే పిసికి, బండ మీద బాది, మళ్ళీ పిసికింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ ఆడబిడ్డ నోటికి భయపడి కొట్టంలో ఆవుల మధ్య ఏడ్చిన రోజులున్నాయి. భర్త నాథన్ పోయాక ఆ నోరే ఇంట్లో మిగిలిన చప్పుడయింది. ఇప్పుడు అది లేని వంటిల్లు ఎలా ఉంటుందో ఊహించబోయి, ఊహించలేక, పిండి మీద ఇంకాస్త పొడి చల్లింది.

"ఆ పిండి నీకేం అపకారం చేసింది?" అంది డైనా, సూదులు మళ్ళీ ఆడిస్తూ.

*

మంగళవారం పొద్దున హెస్టర్ కొండవాలు చేలోకి టీ పట్టుకెళ్ళింది. అక్కడ కూలిన పొలంగోడను ఎనాక్ కాల్వర్ట్ కడుతున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఎడమ చెవి వినపడదు. రాయిని చేతిలోకి తీసుకుంటే మళ్ళీ కింద పెట్టడు, ఎక్కడో ఒకచోట అతికిస్తాడు. ఆ లోయలో రాతి పనివాళ్ళకి అదొక పంతం.

"మొహం అలా ఉందేం అమ్మాయ్? గొర్రె చచ్చిందా?"

"ఇల్లు చచ్చింది," అని హెస్టర్ జరిగిందంతా చెప్పింది.

ఎనాక్ టీ తాగుతూ విన్నాడు. తాగడం అయ్యాక కూడా గ్లాసు ఇవ్వకుండా, కింద కనిపిస్తున్న ఇంటి వైపు చాలాసేపు చూశాడు. ఇల్లూ కొట్టమూ ఒకే పొడుగాటి కప్పు కింద, కొండకు ఆనుకుని పడుకున్న ఆవులా ఉన్నాయి.

"గోడ ఎంత బయటికొచ్చిందన్నాడు?"

"జానెడు."

"మరి కొప్పు కుంగలేదేం?"

హెస్టర్‌కి అర్థం కాలేదు.

"చూడు. ఈ కొస నుంచి ఆ కొసకి తాడు లాగి పట్టినట్టుంది. కప్పు బరువు ఆ గోడ మీదే ఉంటే, గోడ జానెడు జరిగినప్పుడు కప్పు బెత్తెడైనా దిగాలా వద్దా? ముప్పై ఆవులన్నాడా? ఆ ఆవులు ఇంకెక్కడో నిలబడున్నాయి."

చేతిలో ఉన్న రాయిని మాత్రం అతికించి, అప్పుడు కిందికి దిగాడు.

ముందు గోడ దగ్గరికి వెళ్ళి సుత్తితో సిమెంటు పెచ్చు ఊడగొట్టాడు. వెనక ఉన్నది వేలితో గుచ్చితే మెత్తగా దిగింది. "గొంతు నులిమేశారు దీన్ని. సున్నమయితే తడి లోపలికీ పోతుంది, బయటికీ వస్తుంది. సిమెంటుకి లోపలికి రానివ్వడమే తెలుసు. లోపల నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి, కరిగి, ఉబ్బి... పదేళ్ళ నుంచి తోస్తున్నాయి పాపం." తర్వాత కొట్టంలోకి వెళ్ళి ఆవులు వీపు గోక్కునే వంకర స్తంభాన్ని తడిమి చూశాడు. అక్కణ్ణుంచి మేడ మీదికి. అక్కడ గోడలోంచి పుట్టినట్టు లేచి, లోపలికి వంగి, కొప్పు దాకా పోయిన నల్లటి దూలం కింద నిలబడిపోయాడు.

"ఇదేమిటి?" అని కేకేశాడు.

"ఓడ కొయ్య," అంది డైనా కింద నుంచి.

ఎనాక్ దిగొచ్చాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "డైనా, సముద్రం ఇక్కడికి అరవై మైళ్ళు. దార్లో రెండు కొండలు. ఒక వంకర దుంగ కోసం మీ ముత్తాత అంత దూరం పోయాడా? మన అడవిలో వంకర చెట్లకి కరువొచ్చిందా?"

"మా ముత్తాతను అబద్ధాలకోరంటావా?"

"అనను. మా ముత్తాతా ఇదే చెప్పాడు. మెట్‌కాఫ్ వాళ్ళ ముత్తాతా చెప్పాడు. ఈ లోయలో వంకర దూలం ఉన్న ప్రతి ఇంటికీ ఒక ఓడ మునిగింది. అన్ని ఓడలు మునిగుంటే ఇంగ్లండులో చేపలు పట్టేవాడు మిగిలేవాడు కాదు."

"మీ వాళ్ళు గొప్పలకి చెప్పుంటారు. మాది నిజం."

"సరే, నిజం. మరి ఆ ఓడ కొయ్య కిందకెంత దాకా వచ్చిందో చూశావా ఎప్పుడైనా?"

డైనా తల వెనక గది వైపు తిరిగింది. వంటింటి వెనక ఆమె పడకగది మూలలో, నేల నుంచి పైకప్పు దాకా చెక్కలు కొట్టి, కాగితం అతికించిన తొడుగు ఉంది. వాళ్ళమ్మ బతికున్నప్పటి పువ్వుల కాగితం. కళ్ళు కనిపించే రోజుల్లో ఆ పువ్వులు చూస్తూ నిద్రపోయేది. ఇప్పుడు చేత్తో తడిమి నిద్రపోతుంది.

"నిన్న ఆ కుర్రాడు," అంది హెస్టర్ నెమ్మదిగా, "అలంకారానికేనా అని అడిగి రాసుకున్నాడు."

డైనా ముఖం పొయ్యి వైపు తిరిగింది. వేళ్ళు అల్లిక మీద ఉన్నాయి గాని ఆడటం లేదు. తన నోటి మాట ఎక్కడెక్కడ తిరిగి ఏం చేసొచ్చిందో లెక్క వేసుకుంటున్నట్టుంది. ఆ గర్వం నూటయాభై ఏళ్ళది. దాన్ని దించుకోవడానికి ఆమెకు మేజోడు నాలుగు వరసలంత సేపు పట్టింది.

"చూస్తున్నారేం?" అంది చివరికి. "పగలగొట్టండి."

ఎనాక్ ఉలి దూర్చి మొదటి చెక్క లాగాడు. కాగితం చిరిగిన చప్పుడుకి డైనా పెదవులు బిగించింది. రెండోది, మూడోది. హెస్టర్ కొవ్వొత్తి పట్టుకుంది. లోపల మనిషి రొమ్మంత వెడల్పున ఓక్ మాను. బాడిస దెబ్బలు చేప పొలుసుల్లా దాని ఒంటి నిండా ఉన్నాయి. అది నేలలోకి దిగి, తిరగలంత బండ మీద పాదం మోపి నిలబడి ఉంది. తల పైన దానిలోంచి ఒక పొట్టి చెయ్యి గోడలోకి చాచుకుని, చూరు దూలాన్ని కింద నుంచి పట్టుకుంది. కొయ్య చీలలు రెండు, బొటనవేలంత లావు, ఇంకా బిగువుగా ఉన్నాయి.

ఎనాక్ చీలలను ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూశాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

"ఇక్కడొకటి, కొట్టంలో ఒకటి. ఇలాంటివి రెండు జతలు. ఈ జత నుంచి ఆ జతకి దూలాలు పోయాయి. కప్పు వాటి మీద కూర్చుంది. ఈ కొయ్యే ఇల్లు అమ్మాయ్. అప్పట్లో గోడలు తడికా మట్టీ. తర్వాత చేతిలో నాలుగు రాళ్ళు ఆడాక రాతి చొక్కా తొడిగి, వాకిలి మీద తేదీ చెక్కుకున్నారు. గోడ వట్టి చొక్కా. చొక్కా చిరిగితే మనిషి పడిపోతాడా?"

డైనా లేచి, మంచం కోడు పట్టుకుని వచ్చి, ఆ మానుని రెండు చేతులతో తడిమింది. "ఓడకి పాదం ఉండదుగా," అంది ఎవరితోనూ కాకుండా.

*

ఆ మధ్యాహ్నం హెస్టర్ రెండు మైళ్ళు నడిచి, చర్చి దగ్గరి టెలిఫోను పెట్టెలోంచి గార్సైడ్‌కి ఫోను చేసింది. చెప్పాల్సింది దారంతా వల్లెవేసుకుని వెళ్ళింది. సగమే చెప్పగలిగింది.

"మిసెస్ ఐవ్సన్, చదువుకున్న సర్వేయరు రాసిచ్చాడు. పొలంగోడలు కట్టేవాడి మాట మీద నేను రిపోర్టు మార్చలేను. దేన్నీ ముట్టుకోవద్దు. శుక్రవారం కలుద్దాం."

తిరిగొస్తూ వంతెన మీద ఆగింది. కిందటేడు వాకిలి తలుపుకి రంగు వెయ్యడానికి కూడా ఎస్టేటుకు ఉత్తరం రాసి, నాలుగు నెలలు ఎదురుచూసిన మనిషి ఆమె. అడక్కుండా చేసిన పని జన్మలో ఒక్కటీ గుర్తురాలేదు. అడిగింది, వద్దన్నారు. శుక్రవారం సంతకం పెట్టాక ఇంక అడగడానికీ ఏమీ ఉండదు. ఏప్రిల్ గాలిలో మళ్ళీ నడక అందుకుంది, ఇంటికి కాదు, కొండవాలు చేలోకి.

చేలో ఎనాక్ ఇంకా ఉన్నాడు. "ముట్టుకోవద్దన్నారు," అంది.

"అనక ఏం చేస్తాడు?"

"రేపు ఎన్నింటికి వస్తావు?"

ఎనాక్ వినపడే చెవిని ఆమె వైపు తిప్పాడు. "ఎందుకు?"

"గోడ విప్పడానికి."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "డైనా చెప్పిందా?"

"నేనే చెబుతున్నా."

*

బుధవారం పొద్దున పోటుకి రెండు దుంగలు పెట్టి, చూరు దూలం కింద ఆపుచెక్కలు బిగించి పని మొదలుపెట్టారు. "నాకు నమ్మకం లేక కాదు," అన్నాడు ఎనాక్. "నీ మొహం చూడలేక."

అతను పై నుంచి ఒక్కొక్క రాయీ ఊడదీసి అందిస్తుంటే హెస్టర్ మోసుకెళ్ళి గడ్డిలో పేర్చింది. మొహం చదునుగా ఉన్నవి ఒక వరస. మూలరాళ్ళు ఒక వరస. గోడ లోపల కుక్కిన చిల్లర రాళ్ళు ఒక కుప్ప. గోడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పట్టి, రెండింటినీ విడిపోకుండా ఉంచే పొడుగాటి కట్టురాళ్ళు విడిగా. అవి తొమ్మిదుండాలట. ఆరే బాగున్నాయి. మూడు మధ్యకి విరిగిపోయి ఉన్నాయి. సిమెంటు కింద గోడ గుండె గంజిలా కారింది.

ప్రతి రాయి కదిలినప్పుడూ హెస్టర్ తలెత్తి కప్పు చూసేది.

"అలా చూస్తే కప్పు సిగ్గుపడి దిగొస్తుంది," అన్నాడు ఎనాక్. "రాయి చూడు."

డైనా మంచాన్ని వంటింట్లోకి జరిపారు. తనను మాత్రం జరపనివ్వలేదు. గది గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో మేజోడు పెట్టుకుని, గురువారం మధ్యాహ్నానికల్లా పడకగదిలో కూర్చునే కొండగాలి పీల్చింది. నాలుగు గజాల మేర గోడ లేదు. ఎండ నేరుగా వచ్చి పువ్వుల కాగితం మీద పడింది. ఒక తల్లిగొర్రె వచ్చి తల లోపలికి పెట్టి చూసింది.

"ఎవరది?" అంది డైనా.

"గొర్రె."

"కాళ్ళు తుడుచుకుని రమ్మను."

హెస్టర్ నవ్వింది. సోమవారం తర్వాత నవ్వడం అదే మొదలు. నవ్వాక భయం రెట్టింపయింది. రాయి మీద రాయి ఎక్కించి కట్టిన దాన్ని తన చేత్తో విప్పేసింది. రేపు వాళ్ళు వచ్చి ఇదిగో నువ్వే కూల్చావంటే, ఈ ముసలామెను తనే చేతులారా పట్నం బస్సు ఎక్కించినట్టు.

*

శుక్రవారం పది గంటలకు కారు వచ్చింది. ఈసారి గార్సైడ్ బురదలోకే నడిచొచ్చాడు. గోడ ఉన్నచోట మాను పక్కకి కుర్చీ జరుపుకున్న డైనా, వెనక పొయ్యి వెలుగూ కనిపించేసరికి అతని మెడ ఎర్రబడింది.

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పారండి," అంది హెస్టర్. "నేనే విప్పించాను."

లిస్టర్ కోటు కంపమీద వేసి, రాళ్ళు దాటి లోపలికెళ్ళి, మాను పాదం దగ్గర బోర్లా పడుకున్నంత పని చేశాడు. టార్చి వేసి బండ చూశాడు. లేచి చీలలు తడిమాడు. కొట్టంలోకి పోయొచ్చాడు. వచ్చాక గోడ వైపు కాకుండా కొప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రగా అయ్యాయి.

"ఏం చూస్తావయ్యా," అన్నాడు గార్సైడ్. "పోట్లు పెట్టి నిలబెడితే ఏదైనా నిలబడుతుంది."

"పోట్లు తీసేస్తే?" అన్నాడు ఎనాక్.

"నాకు సంబంధం లేదు. నేను తియ్యమనలేదు."

"తీసి చూస్తేనే తెలుస్తుంది," అన్నాడు లిస్టర్ నెమ్మదిగా. "తియ్యకుండా నేనేం రాసినా ఊహే. సోమవారం రాసిందీ ఊహే." హెస్టర్ వైపు తిరిగాడు. "మీ ఇష్టమమ్మా. లోపల ఎవరూ ఉండకూడదు."

"వదినా, బయటికి రా."

"రాను," అంది డైనా. "నాకు కనపడదు. కనపడని దానికి బయటయితేనేం, లోపలయితేనేం. కొట్టవయ్యా ఎనాక్."

"డైనా, మొండితనం కాదు..."

"నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"మరి నన్ను లేపుతావెందుకు?"

ఎనాక్ సుత్తి పట్టుకుని హెస్టర్ వైపు చూశాడు. అందరూ ఆమె వైపే చూశారు. గడ్డిలో పేర్చిన రాళ్ళ మధ్య ఆమె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చేతులు నడుముగుడ్డకు తుడుచుకుని, రాళ్ళు దాటి లోపలికి వెళ్ళి, డైనా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. లిస్టర్ ఏదో అనబోయాడు.

"కొట్టు ఎనాక్," అంది హెస్టర్.

మొదటి దెబ్బకి ఆపుచెక్క కదిలింది. రెండో దెబ్బకి ఊడి రాళ్ళలో పడింది. దుంగ పక్కకు ఒరిగింది. రెండో దుంగ దగ్గర మూడు దెబ్బలు పట్టాయి. అది పడిన వెంటనే తల పైన ఎక్కడో, ఎండుకట్టె విరిగినట్టు ఒకే ఒక్క చప్పుడయింది. కొప్పు నుంచి చూరు దాకా దుమ్ము సన్నగా రాలింది. హెస్టర్ కళ్ళు మూసుకుంది. ఆమె చెయ్యి డైనా మోకాలు వెతుక్కుంది. అక్కడ అప్పటికే డైనా చెయ్యి ఉంది.

ఏమీ పడలేదు.

కోళ్ళు గొణుగుతున్నాయి. వాగు చప్పుడు వినిపించింది. డైనా రెండో చెయ్యి చాచి, వెనకనున్న మాను మీద అరచెయ్యి ఆనించింది. గుర్రం మెడ మీద ఆనించినట్టు.

"సర్దుకుంది," అంది. "ఇప్పుడు మోస్తోంది."

హెస్టర్ కళ్ళు తెరిచింది. ఊపిరి బయటికొచ్చేటప్పుడు చిన్న శబ్దం చేసింది, గొర్రెపిల్ల లాగా. ఆపుకోలేకపోయింది.

లిస్టర్ చూరు దూలం కింద టేపు పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "గోరంత," అన్నాడు. "గోరంత దిగి ఆగింది." గార్సైడ్ దగ్గరికి వెళ్ళి అందరికీ వినపడేలా చెప్పాడు: "నేను రాసింది తప్పండి. ఇల్లు పడదు. గోడ కడితే చాలు. తిరిగి రాసిస్తాను."

గార్సైడ్ సిమెంటు పెచ్చుల కుప్పను బూటుతో కదిపాడు. ఒక పెచ్చు తిరగబడింది. దాని వెనక తడి నల్లగా ఉంది. అతను దాన్ని కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు ఎనాక్‌తో.

"ఎనిమిది రోజులు. సున్నం పంపిస్తే."

"పంపిస్తాను," అని కారు వైపు నడిచాడు. తెచ్చిన కాగితాలు చంకలోనే ఉన్నాయి.

లిస్టర్ వెనకబడ్డాడు. జేబులోంచి మడత కాగితం తీసి హెస్టర్‌కిచ్చాడు. "ఇది నా దగ్గరుండిపోయింది. ఇంక అక్కర్లేదనుకుంటా." గబగబా వెళ్ళిపోయాడు.

లిస్టర్ పుస్తకంలోంచి చించిన కాగితం మీద, ముసలివాళ్ళ ఇంటికి దరఖాస్తు అది. సోమవారం తేదీ. కింద డైనా సంతకం, గీత దాటి పక్కకు జారిపోయిన అక్షరాలతో. తోడు ఎవరూ అక్కర్లేదని కూడా లిస్టర్ దస్తూరీతో రాసి ఉంది. హెస్టర్ కొట్టంలో గొర్రెపిల్లకు పాలు పట్టినంత సేపట్లో జరిగిపోయిన పని.

"అప్పటికే నీకు తెలుసా?" అంది హెస్టర్.

"గార్సైడ్ గొంతు వాకిట్లో అంటే వంటింట్లో వినపడుతుంది. కళ్ళేగా పోయింది."

"నాతో ఒక్క మాట అనలేదు."

"మార్తా ఇంట్లో ఖాళీగా ఉన్నది ఒక్క మంచం. నేనెక్కడుంటానో తేలకపోతే నువ్వు అక్కడికీ పోవు, ఎక్కడికీ పోవు. ఎండలో గొర్రెలా నిలబడతావు."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఏమంటావో తెలుసు. అందుకే అడగలేదు."

హెస్టర్ కాగితం మడతపెట్టింది. విప్పింది.

"ఆ నోటితో అక్కడ రెండో రోజే నిన్ను బయటికి తోసేవాళ్ళు," అంది.

"ఆ ఆశతోనే సంతకం పెట్టాను."

బయట ఎనాక్ రాళ్ళు ఎంచుకుంటున్నాడు. అన్నిటికంటే అడుగున వేసే రాయి కోసం చూస్తున్నాడు. సున్నం వచ్చేదాకా ఆగమని అతనితో ఎవరూ అనలేదు. డైనా అల్లిక కుర్చీలో పెట్టి లేచింది.

"ఎక్కడికి?" అంది హెస్టర్.

"కొండ మీదికి కాదులే. డెబ్బయ్యారేళ్ళ నుంచి ఈ గదిలోంచి చేలోకి పోవాలంటే ఇల్లంతా చుట్టుకుని పోతున్నా. మళ్ళీ గోడ లేస్తే ఈ దారి దొరకదు."

ఒక చెయ్యి మాను మీద, ఒక చెయ్యి ముందుకు చాచి, మిగిలిన రాళ్ళను కాలితో వెతుక్కుంటూ దాటింది. గడ్డి తగలగానే ఆగి రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి నిలబడింది. హెస్టర్ పట్టుకోబోతే విదిలించుకుంది. ఎండ తగిలిన వైపు తిరిగి, మూలరాళ్ళ మీద చెయ్యి ఆనిస్తూ, ఇంటి చివర దాకా వెళ్ళి మలుపు తిరిగింది. కనిపించలేదు.

హెస్టర్ లోపల నుంచి వంటిల్లు దాటి పరుగులాంటి నడకతో వెళ్ళి వాకిలి తలుపు తెరిచింది. రాతి పలకల మీద చెక్కజోళ్ళ చప్పుడు ఇటువైపు వస్తోంది. ఆగి, మళ్ళీ వస్తోంది. తలుపు పట్టుకుని నిలబడింది.

"తెరిచే ఉందా?" అంది డైనా మెట్టు దగ్గరికొచ్చి.

"తెరిచే ఉంది."

"అయితే జరుగు. అడ్డంగా నిలబడితే ఎట్లా వస్తాను?"